ఆదాయం – ఆరోగ్యం: నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతాల నిదర్శనం

వ్యాససంగ్రహం:

దేశాదాయం పెరిగితే ప్రజారోగ్యం మెరుగుపడుతుందన్నది సాధారణ భావన. దేశాల మధ్య పోలికలు ఈ భావనను కొంతవరకు బలపరుస్తాయి. అయితే ఒకే ఆదాయస్థాయిలో ఉన్న సమాజాల మధ్య ఆరోగ్యంలో పెద్ద తేడాలు కనిపించడం, ఆదాయం పెరిగిన తరువాత కూడా కొన్ని రుగ్మతలు తగ్గకపోవడం ఈ సంబంధం సూటిగా లేదని తెలుపుతున్నాయి. ఈ వ్యాసం ముందుగా ఆదాయ - ఆయుర్దాయ సంబంధాన్ని గురించిన ప్రధాన సిద్ధాంతాలను పరిచయం చేస్తుంది. ఆపైన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలోని తాగునీరు, ఫ్లోరోసిస్, వలస అనే మూడు అంశాల ఆధారంగా ఆ సిద్ధాంతాలను పరిశీలిస్తుంది. ఆదాయం ఉమ్మడి వసతిగా మారినప్పుడే ఆరోగ్యంగా పరిణమిస్తుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: తలసరి ఆదాయం, ఆయుర్దాయం, ప్రెస్టన్ వక్రరేఖ, ఫ్లోరోసిస్, నారికురుపు, వలస, నల్లగొండ, పాలమూరు.

1. ఉపోద్ఘాతం:

1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గంనుండి 480 మంది అభ్యర్థులు పోటీచేశారు. బ్యాలెట్ పత్రం చిన్న పుస్తకమంత అయింది. వారిలో అత్యధికులు గెలుపును ఆశించి నిలబడినవారు కారు. జిల్లా నీటిసమస్యను, ఫ్లోరైడ్ పీడను దేశం దృష్టికి తీసుకురావడానికి దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఎంచుకున్న నిరసనమార్గమది. అదే సంవత్సరం ఎన్నికల చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచారు. ప్రజలు నీళ్ళు అడిగిన సంవత్సరంలోనే, అలా అడిగే మార్గానికి అయ్యే ఖర్చు ఇరవై రెట్లు పెరిగిందన్నమాట.

ఈ సంఘటన ఒక ప్రశ్నను ముందుకు తెస్తున్నది. భారతదేశ ఆర్థికవ్యవస్థ వేగంగా ఎదుగుతున్న దశకమది. రాష్ట్ర రాజధాని హైదరాబాదు నల్లగొండకు నూరు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. జిల్లా సరిహద్దులో కృష్ణానది, దానిపై నాగార్జునసాగర్ జలాశయం ఉన్నాయి. సంపద, నీరు రెండూ ఇంత సమీపంలో ఉన్నప్పటికీ మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల ప్రజల ఎముకలు ఎందుకు వంగిపోయాయి? దేశాదాయానికీ ప్రజారోగ్యానికీ ఉన్న సంబంధం ఎటువంటిదో తెలుసుకోకుండా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేము.

2. ఆదాయం - ఆయుర్దాయం: ప్రెస్టన్ వక్రరేఖ:

ఈ విషయంలో మూలాధారంగా నిలిచిన అధ్యయనం అమెరికా జనాభాశాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్టన్ 1975లో ప్రచురించినది. ఆయన వివిధ దేశాల తలసరి ఆదాయాన్ని ఒక అక్షంపైన, ఆయుర్దాయాన్ని మరొక అక్షంపైన గుర్తించారు. ఏర్పడిన రేఖ మొదట నిటారుగా లేచి, క్రమంగా వంగి, చివరకు దాదాపు సమతలంగా సాగింది. పేదదేశంలో ఆదాయం కొద్దిగా పెరిగినా ఆయుర్దాయం చెప్పుకోదగినంత పెరుగుతుంది. సంపన్నదేశంలో ఎంత పెరిగినా ఆయుర్దాయంలో మార్పు స్వల్పం. దీనినే ప్రెస్టన్ వక్రరేఖ అంటారు.

ఆయన పరిశీలనలో ఇంతకంటే ముఖ్యమైన అంశం మరొకటి ఉన్నది. 1900ల, 1930ల, 1960ల గణాంకాలతో వేర్వేరుగా గీసినప్పుడు వక్రరేఖ మొత్తంగా పైకి జరుగుతూ వచ్చింది. అంటే 1930లలో ఒక ఆదాయస్థాయిలో ఉన్న దేశంకంటే, 1960లలో అదే ఆదాయస్థాయిలో ఉన్న దేశంలో ప్రజలు ఎక్కువకాలం జీవించారు. ఈ రెండు కాలాల మధ్య ప్రపంచ ఆయుర్దాయంలో వచ్చిన పెరుగుదలలో 75 నుండి 90 శాతం వరకు దేశాల ఆదాయంతో నిమిత్తంలేని కారణాలవల్లనే కలిగి ఉంటుందని ప్రెస్టన్ అంచనా వేశారు. టీకాలు, క్రిమినాశకాలు, పారిశుద్ధ్యం, రోగకారక క్రిములను గురించిన జ్ఞానం ఇటువంటి కారణాలు. 2015లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన ఆంగస్ డీటన్ కూడా ఆరోగ్యచరిత్రలో ఆదాయంకంటే జ్ఞానానికి, దానిని ఆచరణలో పెట్టే ప్రభుత్వ సామర్థ్యానికి పెద్దపీట వేశారు.

దీనికి భిన్నమైన వాదం కూడా ఉన్నది. లాంట్ ప్రిచెట్, లారెన్స్ సమ్మర్స్ 1996లో ప్రచురించిన పరిశోధనలో, పేదదేశాలలో ఆదాయవృద్ధి శిశుమరణాలను నిజంగానే తగ్గిస్తుందని, ఈ సంబంధం కేవలం కాకతాళీయం కాదని వాదించారు. ఈ వాదాన్ని తోసిపుచ్చనక్కరలేదు. ఆదాయం లేనిదే ఆసుపత్రి లేదు, గొట్టపుమార్గం లేదు. ఆలోచించవలసిన విషయం ఆదాయం ఏ దారిలో శరీరాన్ని చేరుతుందన్నది.

3. సగటు ఆదాయం చెప్పని సంగతులు:

కోస్టారికా తలసరి ఆదాయం అమెరికా ఆదాయంలో చిన్న భాగమే అయినా, అక్కడి ఆయుర్దాయం అమెరికాకంటే ఎక్కువ. చమురు సంపదవల్ల తలసరి ఆదాయంలో పైకి ఎగబాకిన ఈక్వటోరియల్ గినీ ఆయుర్దాయంలో మాత్రం తనకంటే పేదదేశాలెన్నింటికో వెనుకబడి ఉన్నది. 1986లో జాన్ కాల్డ్‌వెల్ శ్రీలంక, కోస్టారికా, కేరళలను ఉదాహరణలుగా తీసుకొని, తక్కువ ఆదాయంతోనే మరణాలను తగ్గించిన సమాజాలలో స్త్రీవిద్య, ప్రజలకు అందుబాటులో ఉన్న వైద్యం, సేవలకోసం ప్రభుత్వాన్ని నిలదీసే రాజకీయ చైతన్యం ఉమ్మడి లక్షణాలని చూపించారు.

తెలంగాణకు ఈ పోలిక ఎంతో అవసరం. 2014-15లో సుమారు 1.24 లక్షల రూపాయలుగా ఉన్న రాష్ట్ర తలసరి ఆదాయం 2023-24 నాటికి దాదాపు 3.5 లక్షలకు చేరింది. ధరల పెరుగుదలను మినహాయించినా ఇది పెద్ద వృద్ధి. దేశ సగటుకు దాదాపు రెట్టింపు. కేరళకంటే కూడా ఎక్కువ. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. కేరళలో ఇది 36.3 శాతం. వెయ్యి జననాలకు శిశుమరణాలు తెలంగాణలో 26.4 కాగా, కేరళలో 4.4. అయిదేళ్ళలోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు తెలంగాణలో 2015-16 సర్వేనాటికి 28 శాతం ఉండగా, 2019-21 నాటికి 33.1 శాతానికి పెరిగారు. ఆదాయరేఖ పైకి పోతున్న కాలంలోనే పిల్లల ఎదుగుదల వెనుకబడిందని ఈ అంకెలు తెలుపుతున్నాయి.

2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం. హైదరాబాదులో 83 శాతం. మహబూబ్‌నగర్ స్త్రీలలో సగం మందికి కూడా అక్షరాలు రావు. కాల్డ్‌వెల్ పేర్కొన్న స్త్రీవిద్య అనే దారి ఇక్కడ ఎంత ఇరుకో దీనినిబట్టి గ్రహించవచ్చు.

4. మెట్టనేల నీరు: నారికురుపునుండి ఫ్లోరోసిస్ వరకు:

దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతమంతా గ్రానైటు, నైసు శిలలతో ఏర్పడినది. వర్షపాతం తక్కువ, ఎండ ఎక్కువ. పూర్వం గ్రామాల తాగునీరు దిగుడు బావులు, చెరువులు, ఊటచెలమలనుండి లభించేది. దిగుడు బావిలోకి మనుషులు మెట్లమీదుగా దిగి, నీటిలో కాళ్ళుపెట్టి కుండలు ముంచుకునేవారు. నారికురుపు వ్యాపించడానికి ఇదే కారణం. రోగి కాలి పుండునుండి పురుగుపిల్లలు నీటిలో చేరి, సూక్ష్మమైన నీటిజీవులలో పెరిగి, ఆ నీరు తాగినవారి ఒంట్లోకి ప్రవేశించేవి.

1966-67 కరువు తరువాత యునిసెఫ్ సహాయంతో గట్టిరాతిని తొలిచే యంత్రాలు దేశంలోకి వచ్చాయి. 1970లలో 'ఇండియా మార్క్ 2' చేతిపంపు రూపొందింది. 1983-84లో నారికురుపు నిర్మూలన కార్యక్రమం జాతీయస్థాయిలో మొదలైంది. వ్యాధి ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దిగుడు బావులకు బదులు బోరుబావులు, చేతిపంపులు, నీటిని వడగట్టుకునే అలవాటు ఆ వ్యాధిని అంతం చేశాయి. దేశంలో చివరి నారికురుపు కేసు 1996 జూలైలో నమోదైంది. ఈ విజయానికి ప్రజల ఆదాయం పెరగడం కారణం కాదు. రోగం వచ్చే దారి తెలియడం, ఆ దారిని అందరికీ ఒకేసారి మూసివేయడం కారణం. ప్రెస్టన్ వక్రరేఖ పైకి జరగడమంటే ఇదే.

అయితే అదే బోరుబావి మెట్టప్రాంతానికి మరొక ఆపదను తెచ్చింది. గ్రానైటులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉంటుంది. రాతిపగుళ్ళలో దీర్ఘకాలం నిలిచిన నీటిలోకి అది కరుగుతుంది. నీటిలో క్షారగుణం ఎక్కువై, కాల్షియం తక్కువైతే మరింతగా కరుగుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించకూడదు. వేరే నీరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉన్నది. నల్లగొండ పశ్చిమ మండలాలలో ఈ పరిమితిని ఎన్నో రెట్లు దాటిన నీటినే తరాలుగా తాగారు. 1996లో నారికురుపునుండి దేశం విముక్తి పొందుతుండగా, ఫ్లోరోసిస్‌పై నల్లగొండ ఓటరు నామినేషన్ వేస్తున్నాడు.

ఫ్లోరోసిస్ అప్పటికి కొత్తగా తెలిసిన వ్యాధి కాదు. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను షార్ట్, ఆయన సహచరులు వర్ణించారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. అదే సంవత్సరం డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో సాగర్ ఎడమకాలువకు నీరు వచ్చి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరిపొలాలుగా మారాయి. ఎత్తున ఉన్న పశ్చిమ మండలాలకు కాలువ ఎక్కలేదు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరులతో ఫ్లోరైడ్‌ను తొలగించే విధానాన్ని రూపొందించింది. ఆ విధానానికి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరు ప్రపంచ గ్రంథాలలో స్థిరపడింది. జిల్లాపేరు శాస్త్రగ్రంథాలకు ఎక్కినంత సులభంగా శుద్ధజలం జిల్లా గ్రామాలకు చేరలేదు.

తరువాతి కాలంలో కృష్ణాజలాలు నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం, కోదండాపురం శుద్ధికేంద్రాల మీదుగా హైదరాబాదుకు చేరాయి. ఫ్లోరైడ్ గ్రామాలకు కూడా విడతలవారీగా పథకాలు వచ్చాయి. కాని ప్రతి ఇంటికీ నల్లా అన్న లక్ష్యంతో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించినది 2015 జూన్‌లో. సిద్దిఖీ వ్యాసానికీ ఈ పైలాన్‌కూ మధ్య అరవై ఏళ్ళు గడిచాయి. జ్ఞానం ఉంది, నది ఉంది, రాష్ట్రాదాయం కూడా పెరుగుతూనే ఉంది. వీటిని మెట్టగ్రామంలోని ఇంటికి కలిపే గొట్టం మాత్రం లేదు.

5. ఒకే నీరు, వేర్వేరు శరీరాలు:

కుటుంబ ఆదాయం పెరిగితే ఫ్లోరైడ్‌నుండి తప్పించుకోగలరా? మెట్టప్రాంత అనుభవం దీనికి రెండు సమాధానాలిస్తుంది. చేతిలో కొంత డబ్బున్న రైతు మరింత లోతుకు బోరు వేయించాడు. రాతిలో ఎక్కువకాలం నిలిచిన ఆ నీటిలో ఫ్లోరైడ్ చాలాచోట్ల తక్కువేమీ కాదు. ఈ సందర్భంలో సొంత ఆదాయం ఆరోగ్యాన్ని కొనలేకపోగా, ప్రమాదాన్ని ఇంకా లోతునుండి తోడుకొచ్చింది.

రెండవ సమాధానం పేదరికానికి సంబంధించినది. ఒకే బావినీరు తాగినా అందరి శరీరాలపై ఫలితం ఒకటిగా ఉండదు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిని ఉదాహరణగా తీసుకుందాం. నీడపట్టున పనిచేసే వ్యక్తి రోజుకు 2 లీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు శరీరంలో చేరతాయి. ఎండలో రాళ్ళు కొట్టే కూలీ 5 లీటర్లు తాగితే 20 మిల్లీగ్రాములు చేరతాయి. పాలు, ఆకుకూరలు, పండ్లు తగినంత తినేవారికి కాల్షియం, సి విటమిన్ కొంత రక్షణనిస్తాయి. గటక, గంజి మాత్రమే దొరికినవారికి ఆ రక్షణ ఉండదు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాల యువతలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే రుగ్మతను లాన్సెట్ పత్రికలో వివరించారు. జొన్న ప్రధానాహారమైన పేదకుటుంబాలలో ఇది కనిపించడం గమనార్హం. విషం నీటిలో ఉన్నా, అది ఎవరిని ఎంతగా కుంగదీస్తుందో తేల్చేది చేసే పని, తినే తిండి.

6. పాలమూరు వలస: ఆదాయం ఒకచోట, అనారోగ్యం ఒకచోట:

మహబూబ్‌నగర్‌కు పాతపేరు పాలమూరు. 'పాలమూరు లేబర్' అన్న మాట దేశంలోని ఆనకట్టలు, కాలువలు, రహదారుల నిర్మాణచరిత్రలో భాగమైంది. గుంపు మేస్త్రీ కరువుకాలంలో కుటుంబానికి ముందస్తు సొమ్ము ఇచ్చి, ఆ అప్పు తీరేవరకు దూరప్రాంతంలో పనిచేయించుకోవడం ఈ వలసవ్యవస్థ స్వరూపం. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది ఈ జిల్లాలోనే. అయినా ఇతరుల పొలాలకు నీళ్ళు పారించే కాలువలు తవ్వినవారి సొంతపొలాలు వానకోసం ఎదురుచూశాయి.

ఆదాయ - ఆరోగ్య సంబంధాన్ని పరిశీలించేవారు ఇక్కడ ఒక గణనదోషాన్ని గుర్తించాలి. స్థూల ఉత్పత్తిని అది జరిగినచోట లెక్కిస్తారు. పాలమూరు కూలీ ముంబైలో భవనం కడితే, ఆ విలువ మహారాష్ట్ర ఉత్పత్తిలో చేరుతుంది. ఇంటికి పంపిన కూలిడబ్బు అందులో స్వల్పభాగం. రాతిదుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తులు, విరిగిన నడుము, వలసలో టీకాలు, అంగన్‌వాడీ భోజనం తప్పిపోయిన పిల్లలు మాత్రం పాలమూరుకే తిరిగివస్తారు. ఒక ప్రాంతం ఆదాయపట్టికలో పైకి పోవడానికి పడిన శ్రమకు సంబంధించిన రోగభారం మరొక ప్రాంతం ఆరోగ్యపట్టికలో నమోదవుతున్నది.

ఈ సంబంధం రెండువైపులా పనిచేస్తుంది. పేదరికం అనారోగ్యానికి కారణమైనట్లే, అనారోగ్యం పేదరికానికి కారణమవుతుంది. ముప్పై ఏళ్ళకే మెడ తిరగని, నడుము వంగని ఫ్లోరోసిస్ రోగి కూలికి పోలేడు. అతనిని చూసుకునే మనిషి కూడా పని మానుకోవలసి వస్తుంది. పేదలు కాబట్టి రోగులయ్యారా, రోగులు కాబట్టి పేదలయ్యారా అన్న ప్రశ్నను ఆ ఇంటి విషయంలో విడదీయడం సాధ్యంకాదు.

7. కొలమానాల పరిమితి:

దేశాల ఆరోగ్యాన్ని పోల్చడానికి ఆయుర్దాయం, శిశుమరణాలు ప్రధాన కొలమానాలు. ఫ్లోరోసిస్ సాధారణంగా మనిషిని చంపదు. మనిషి బ్రతికే ఉంటాడు, కాని వంగిన ఎముకలతో బ్రతుకుతాడు. అందువల్ల నల్లగొండ వేదన ప్రెస్టన్ పటంలో ఒక చుక్కనైనా కదిలించదు. మరణాలను లెక్కించే శాస్త్రం బాధను లెక్కించలేకపోవడం ఈ పోలికల ప్రధాన లోపం.

సగటుకు మరొక లోపం ఉన్నది. 2016 అక్టోబరులో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు పరిశ్రమలున్న షాద్‌నగర్ ప్రాంతం మహబూబ్‌నగర్‌నుండి రంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది. ఇటువంటి మార్పుతో ఏ ఒక్క కుటుంబ ఆదాయమూ మారకుండానే రెండు జిల్లాల సగటులు మారిపోతాయి. సగటు అన్నది గీసిన సరిహద్దుపై ఆధారపడిన అంకె. ఎముక, రక్తం ఆ సరిహద్దును పాటించవు.

2020లో కేంద్రప్రభుత్వం తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని పార్లమెంటుకు తెలిపింది. సురక్షితజలం అందుతున్న ఆవాసాల లెక్కగా ఇది గొప్ప విజయం. కాని ఆవాసం వేరు, అందులోని మనిషి వేరు. గట్టిపడిన ఎముకలు మంచినీటితో మళ్ళీ మెత్తబడవు. నల్లా రానిరోజు ఇంటివారు బోరునీటికే పోతారు. కాబట్టి ఈ సున్నా రాబోయే తరానికి వర్తించే హామీ మాత్రమే. గడచిన తరాలకు అది పరిహారం కాదు.

8. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలివి.

● ఆదాయానికీ ఆరోగ్యానికీ సంబంధం ఉన్నది. అయితే అది ప్రత్యక్షమైనది కాదు. నీరు, ఆహారం, స్త్రీవిద్య, వైద్యం అనే దారులగుండా సాగేది.

● నారికురుపు నిర్మూలన, ఫ్లోరైడ్ గ్రామాలకు కృష్ణాజలం రెండూ ఉమ్మడి వసతులద్వారా సాధ్యమైనవే. వేలకోట్ల వ్యయంతో కూడిన రెండవదానికి రాష్ట్రాదాయం తోడ్పడింది. కుటుంబాల విడి ఆదాయం ఆ పని చేయలేకపోయింది.

● ఒక రోగానికి కనుగొన్న పరిష్కారం మరొక రోగానికి మూలం కావచ్చునని బోరుబావి చరిత్ర నిరూపిస్తున్నది. నీటివనరు మారిన ప్రతిసారీ నీటిగుణాన్ని పరీక్షించడం తప్పనిసరి.

● వలస ప్రాంతాల ఆదాయాన్ని, రోగభారాన్ని వేర్వేరుచోట్ల లెక్కించే పద్ధతివల్ల పాలమూరు వంటి ప్రాంతాల అసలు స్థితి మరుగున పడుతున్నది.

● ఆయుర్దాయంతోపాటు వైకల్యాన్ని, పనిచేయగల సంవత్సరాలను కూడా లెక్కించినప్పుడే ఫ్లోరోసిస్ వంటి రోగాలు విధానకర్తల దృష్టికి వస్తాయి.

పిల్లల శాశ్వతదంతాలు మొదటి ఎనిమిదేళ్ళలో రూపుదిద్దుకుంటాయి. ఆ కాలంలో తాగిన నీటి గుణం పంటిపై గారగా, మచ్చగా జీవితాంతం నిలుస్తుంది. 2015 తరువాత పుట్టిన మర్రిగూడ, మునుగోడు పిల్లలకు ఇప్పుడు ఆ దంతాలు వస్తున్నాయి. రాష్ట్రాదాయం ఆరోగ్యంగా మారిందా లేదా అన్నది తెలుసుకోవాలంటే ఆ పాఠశాలలలో పిల్లల పళ్ళను పరీక్షించడం అన్నిటికంటే సులభమైన, నమ్మదగిన మార్గం.